పసుపెక్కని పొడి

పాతపోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
మార్చి 1986

సముద్రతీర సంచారిణి, సూదులధారిణి, శిశుభయంకరి నూకాలు గారి దివ్య సముఖమునకు,

ఒకప్పటి బెంచీ పొరుగు రజియా నమస్కరించి వ్రాయు విన్నపము. ఇక్కడ మేమందరము క్షేమము. అక్కడ తమరు పొడిచిన పిల్లలు కూడా క్షేమమని తలుస్తాను.

ఇక గ్రాంథికం గుర్రం దిగి నేల మీద మాట్లాడతాను. ఇంటర్ అయ్యాక నువ్వు నర్సు ట్రైనింగుకి వెళ్లి అచ్యుతాపురం సబ్‌సెంటర్లో తేలావు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి గోపాలపట్నంలో ఎల్లారావు గారి చిన్న ఫ్యాక్టరీలో పొడి కాస్తున్నాను. గొడుగుల దుకాణం అబ్దుల్ రజాక్ కూతురు ఫ్యాక్టరీలో ఏం చేస్తుందని వీధిలో ఎవరైనా అడిగితే, మా అబ్బా "ఆస్పత్రి సరుకు" అని చెప్పి, చేతిలో ఉన్న గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుంటారు.

ఆ సరుకేమిటో నీకు చెబుతాను. ఆడవాళ్ల నెలసరి ప్యాడ్ల మధ్యలో పరిచే పొడి. చూడ్డానికి పంచదారకి చెల్లెలు. చిటికెడు గ్లాసులో వేసి నీళ్లు పోశావనుకో, నీళ్లు కాసేపు తమాషా చూస్తున్నట్టు ఉండి, తర్వాత కదలడం మరిచిపోతాయి. గ్లాసు బోర్లించినా పడవు. వాన కురుస్తూ కురుస్తూ ఏదో గుర్తొచ్చి గాల్లో ఆగిపోతే ఇలాగే ఉంటుందేమో. మొదటిసారి చూసిన రోజున నేను బస్సు దిగాల్సిన చోట దిగడం మరిచిపోయి కంచరపాలెం దాటిపోయాను.

దీనికి ఉన్నది ఒకటే జబ్బు. పసుపెక్కుతుంది. చేసిన రోజున మల్లెమొగ్గ, వానాకాలం వెళ్లేసరికి పాత న్యూస్‌పేపరు. పనితనం తగ్గదు, నీళ్లు అంతే తాగుతుంది. కానీ ఆ రంగు చూశాక ఏ ఆడది దాన్ని ఒంటికి తాకనిస్తుంది? కిందటేడు సరుకంతా అలాగే పోయింది. నిన్న ఎల్లారావు గారు నా గదికి వచ్చి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా చెప్పారు.

"సూడమ్మా, ఆడోళ్ల సరుకు. తెల్లగా నేకపోతే ఎవులు ముట్టుకుంటారు? ఈ వానలు కూడా సూద్దాం. ఇళ్లల్లో ఉన్న పేకెట్లు తెప్పించి నా టేబిలు మీదెట్టు. తెల్లగుంటే ఈ గది నీది. పసుపెక్కితే గదికి తాళం, నీకు సెలవు."

ఆ గది ఎంతనుకున్నావు? రెండు బల్లలు, ఒక గాజు బీరువా, సింహాచలం కొండ కనపడే ఒక కిటికీ. అంతే. అది పోతే దుకాణం మేడ మీద కూర్చుని గొడుగులకి గుడ్డ కుడతాను. తప్పుడు పనేమీ కాదు. కానీ నూకాలూ, నాకు గొడుగులు ఎప్పుడూ కలలోకి రాలేదు. పొడి రోజూ వస్తుంది.

అందుకని బస్సులో ఒక అట్టపెట్టె పంపుతున్నాను. మీ జాలరి పాలెంలో ఆడవాళ్లకి తలా రెండు ప్యాడ్ల పేకెట్లు ఇవ్వు. ఒకటి వాడి చూడమను. రెండోది వానలు వెళ్లేదాకా విప్పకుండా ఇంట్లో ఉంచమను.

తమరి దయకు ఎదురుచూచు,
పొడి కాసే రజియా


అచ్యుతాపురం
ఏప్రిల్ 1986

రజియా,

సంబోధనలు రాసే తీరిక నాకు లేదు. బిరుదులన్నీ నీ దగ్గరే ఉంచుకో, దుకాణంలో గొడుగుల మీద అచ్చు వేయించుకోవచ్చు.

పెట్టె చేరింది. కండక్టరు దాన్ని స్వీట్లనుకుని దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. లోపలేముందో నేను చెప్పలేదు. ఆ ఆనందం అతనికి ఉండనీ.

పాలెంలో పాపాయమ్మ అని ఒకావిడ ఉంది. చేపల బుట్టలెత్తే ఆడవాళ్లందరికీ పెద్ద. ఆవిడ ఊ అంటే ఊరంతా ఊ అంటుంది. పంపకం ఆమె గుమ్మం నుంచే మొదలుపెట్టాను.

"ఏటే నర్సమ్మా ఇది, పిల్లల దిండా?"

చెవిలో చెప్పాను.

"ఓలమ్మ! దీనికి కూడా కంపినీ ఎట్టీసినారా? ఇది సేత్తన్నప్పుడు మగోడెవుడైనా సూసినాడా?"

"లేదు. నాతో చదువుకున్న అమ్మాయి చేసింది. రజియా అని, టౌనులో సాయిబుల అమ్మాయి."

"ఆడగుంటే సేసిందా? అయితే ఇలాతే."

నీ గ్లాసు తమాషా కూడా చూపించాను. గట్టిపడిన నీళ్లని పాపాయమ్మ వేలితో పొడిచి, "మా వలల్లో పడతాది ఇలాటి ముద్ద. కండ కాదు, నీరు కాదు. ముట్టుకుంటే దురదెట్టేత్తాది. నీ నేస్తం దురద తీసీసి మిగతాది అమ్ముతందేటి?" అంది. అందరూ నవ్వారు. తర్వాత ఆ గ్లాసు ఎండకి అడ్డంగా పట్టుకుని చాలాసేపు చూశారు. అందులోంచి చూస్తే పడవలు తలకిందులుగా కనిపించాయి. ఒక ముసలామె వాళ్లాయన పడవని అలా చూసి, "నీటి మీద కాదు, నీట్లోనే కట్టీసినట్టుందే" అంది.

ఒక్కొక్కరూ రెండేసి తీసుకున్నారు. జాగ్రత్తగా ఉంచుతామన్నారు. నీ గది నీకు ఉండాలని నాకూ ఉంది. ఈ మాట మళ్లీ రాయించకు.

నూకాలు


పాతపోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
జూన్ 1986

ధన్యురాలా,

తలకిందుల పడవలు చదివి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చదువంతా చదివి, వందసార్లు గ్లాసులో పొడి వేసి, ఒక్కసారి కూడా అందులోంచి చూడాలని తట్టలేదు నాకు.

ఈ ఊళ్లో పొడికి మొదటి శత్రువు ఇనుము. ఇది ఇనుము ఊరు కదా. కిటికీ కింద నుంచి ఖనిజం గూడ్సుబళ్లు రేవుకి పోతూనే ఉంటాయి, అటుపక్క ఉక్కు కార్ఖానా లేస్తోంది. అమ్మీ తెల్ల దుపట్టా ఆరేస్తే సాయంత్రానికి గులాబీ రంగు. ఆవిడ దాన్ని ఫ్యాషను అనుకుని సరిపెట్టుకుంది. పొడి సరిపెట్టుకోదు. కంటికి కనపడనంత ఇనుము తగిలినా మొహం మాడ్చుకుని పచ్చబడుతుంది. అందుకే నీకు పంపిన విడతకి ఇనప గరిటె మాన్పించి, గాజుపూత కుండలో కాశాను. బోరు నీళ్లు మాని బట్టీ పట్టిన నీళ్లు, అంటే మరిగించి ఆవిరిని చల్లార్చిన నీళ్లు పోశాను. మిగిలిన కాస్త ఇనుమునీ గుప్పిట్లో బిగించి పట్టుకునే మందొకటి కలిపాను. కలెక్టరు బంగళా ముందు బంట్రోతులాగ అది ఇనుమును లోపలికి రానివ్వదు.

ఆ విడతలోంచి కొంత నా గాజు బీరువాలో ఉంచాను. రోజూ పొద్దున్నే తలుపు తీసి దర్శనం చేసుకుంటాను. తెలుపు! నిన్న మొదటి వాన పడింది. సింహాచలం కొండ మబ్బులో సగం మునిగింది, దూరంగా రేవు బయట ఆగిన ఓడలు ఒకదాని తర్వాత ఒకటి కూత వేశాయి. బీరువా ముందు నిలబడి ఆ కూతలు వింటుంటే, ఆ తెలుపు మెల్లగా ఉబ్బి, గది నిండి, కిటికీలోంచి కారి, గూడ్సుబండి ఎర్రదుమ్ము మీద పరుచుకుని, రేవు దాకా పోయి ఓడల్ని మెత్తగా పట్టుకున్నట్టు అనిపించింది. ఎల్లారావు గారు వెనక నుంచి దగ్గారు. "ఏటమ్మా, నిలబడి నిద్దరోతన్నావా?"

"తనిఖీ చేస్తున్నానండి" అన్నాను, కళ్లజోడు సర్దుకుని.

గెలిచేశాం నూకాలూ. పాలెం నుంచి రెండు ముక్కలు రాయి, చాలు.

విజయోన్మత్త
రజియా


అచ్యుతాపురం
జూలై 1986

రజియాకి,

నీ ఉత్తరం అందింది. వానలు బాగా పడుతున్నాయి. పాలెం దారి నీళ్లల్లో ఉంది. నేను బాగానే ఉన్నాను. పేకెట్లు కూడా బాగానే ఉన్నాయి అనుకుంటున్నాను. ఇంకేమీ పంపొద్దు, ఉన్నవి చాలు.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

నూకాలు


పాతపోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
ఆగస్టు 1986

నూకాలూ,

నీ ఉత్తరం తిరగేసి చూశాను, మడత విప్పి చూశాను, దీపానికి అడ్డం పెట్టి చూశాను. ఒక్క తిట్టు కూడా దొరకలేదు. "మీ అమ్మగారిని అడిగానని చెప్పు" అట! అమ్మీకి చెబితే, "ఆ పిల్లకి ఒంట్లో బాగోలేదా?" అంది.

పేకెట్లు బాగున్నాయి "అనుకుంటున్నాను" అన్నావు. నువ్వు ఏ విషయమైనా అనుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నీకు తెలిస్తే తెలుసంటావు, తెలియకపోతే నన్ను తిడతావు. ఎల్లారావు గారు పొద్దున గదికి వచ్చి కిటికీ కొలతలు తీసుకుని వెళ్లారు. ఎందుకని అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఉన్నదున్నట్టు రాయవే. నీ మీద ఒట్టు, ఏడవను. ఏడ్చినా ప్యాడ్లు దగ్గరే ఉన్నాయి.

రజియా


అచ్యుతాపురం
ఆగస్టు 1986

రజియా,

సరే. విను.

పసుపెక్కాయి. అన్నీ. కొన్ని లేతగా, కొన్ని చారెడు పసుపు కలిపినట్టు. జూలైలో పాపాయమ్మ రెండో పేకెట్టు విప్పింది. ఆ సాయంత్రం సబ్‌సెంటరు మెట్ల మీద పేకెట్ల కుప్ప పడి ఉంది. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"మేం సేపలోళ్లం గానీ కుక్కలం కాం నర్సమ్మా. ఎవులో వాడీసి, ఉతికీసి, మడతెట్టి మాకిచ్చినారు. టౌనోళ్లకి తెల్లయి, మాకు ఇయ్యా?"

"కాదు పాపాయమ్మా, అది మందు రంగు..."

"ఇయి మీ నేస్తానికి ఇచ్చీ. మా ఇంటి సంటిదాన్ని సూదికి కూడా తేను పో."

అప్పటి నుంచి ఏ గుమ్మం ముందు ఆగినా లోపల ఎవరూ లేరు. లోపల నుంచి పిల్లలు దగ్గుతూ ఉంటారు, కానీ ఎవరూ లేరు. నేనూ అలాంటి పాలెంలోనే పుట్టినదాన్ని రజియా. నా మొహం మీద తలుపు వేస్తుంటే లోపలున్నది మా పిన్నో, మా అత్తో అనిపిస్తోంది. నీకు రాయకపోవడానికి కారణం జాలి అనుకోకు. రాస్తే నిజమైపోతుందని రాయలేదు.

నీకు పనికొస్తుందేమోనని మెల్లగా కనుక్కున్నాను, పేకెట్టు ఎక్కడ ఉంచారని. ఎవర్ని అడిగినా ఒకటే మాట, "బీరువాలో." అందరూ బీరువాలోనే ఉంచారట. పాలెం మొత్తానికి బీరువా ఒక్కటే ఉంది. అది ప్రెసిడెంటు ఇంట్లో ఉంది. దాని తాళం ప్రెసిడెంటు మొల్లో ఉంటుంది.

నూకాలు


పాతపోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
సెప్టెంబరు 1986

నూకాలూ,

మొదటి సగం చదివి ఏడ్చాను. ఒట్టు తప్పాను. ప్రెసిడెంటు బీరువా దగ్గర నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఒకటి గుర్తొచ్చింది.

మా స్నానాలగదిలో నీళ్లు కాచే బాయిలర్ ఉంది కదా. దాని వెనక గోడలో ఒక ఇటుక ఊడి వస్తుంది. పెద్దమనిషినైనప్పటి నుంచి నా గుడ్డలకి చోటు అదే. ఇంట్లో ఎవరికీ తెలియదు. మార్చిలో నీకు పెట్టె పంపిన రోజున నేనూ రెండు పేకెట్లు ఇంటికి తెచ్చుకున్నాను. ఒకటి వాడాను. రెండోది ఏమీ ఆలోచించకుండా ఆ ఇటుక వెనక పెట్టాను. ఫ్యాక్టరీలో బీరువాకి రోజూ దర్శనాలు. ఇంట్లో ఉన్నది మాత్రం ఒక్కసారీ గుర్తు రాలేదు. అది ప్రయోగం అనిపించలేదే! అది దాచుకోవడం. దాచుకున్నదాన్ని గురించి మనకి మనమే చెప్పుకోం కదా.

పరుగెత్తుకెళ్లి ఇటుక తీశాను. వేడి, చెమ్మ, మసి. పేకెట్టు చింపితే లోపల గుడ్డు పచ్చసొన.

నేలమీద కూర్చుని దాన్ని చూస్తూ ఉంటే అమ్మీ వచ్చింది. మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం, నీకోసం తెలుగులో పెడుతున్నాను.

"అందరూ ఇలాంటి చోట్లే పెడతారా అమ్మీ?"

"మరెక్కడ పెడతారు బేటీ? అబ్బా గొడుగుల పక్కన వేలాడదీస్తారా?"

"నువ్వెక్కడ పెడతావు?"

అమ్మీ సిగ్గుపడింది. పెళ్లై ఇన్నేళ్లయిన మా అమ్మ, జన్నత్ బీ, సిగ్గుపడింది! తర్వాత బాయిలర్‌కి ఇంకో పక్కన వంగి, ఇంకో ఇటుక తీసింది. ఇన్నాళ్లూ ఒకే గోడలో ఇద్దరం. ఇద్దరికీ తెలియదు. ఇద్దరం ఆ పొగలో కూర్చుని అబ్బా తలుపు కొట్టేదాకా నవ్వాం.

గాజు బీరువా అబద్ధం నూకాలూ. ఈ పొడి ఎక్కడ బతకాలో అక్కడ పెట్టి చూడలేదు నేను. అందుకని ఫ్యాక్టరీ గదిలో ఒక దాపు కట్టాను. రేకు డబ్బా, లోపల రాత్రింబవళ్లు వెలిగే బల్బు, కింద నీళ్ల పళ్లెం. తలుపు తీస్తే మా స్నానాలగది ఊపిరే మొహానికి కొడుతుంది. రకరకాల పొడులు అందులో పెట్టాను. ఇనుము లేకపోయినా పచ్చబడ్డాయి! అప్పుడు దొరికాడు రెండో దొంగ.

ఈ పొడి మొదట ఘాటైన పుల్లటి ద్రవం. పీపాల్లో ఓడ మీద వస్తుంది. దారిలో దానంతట అదే గడ్డకట్టకుండా అందులో కాస్త కాపలా మందు కలిపి పంపుతారు. మంచి కాపలావాడే, కానీ ఇల్లు చేరాక కూడా వెళ్లడు. పొడిలో దూరి పడుకుంటాడు. చల్లగా, పొడిగా ఉంటే నిద్రపోతాడు. వేడీ చెమ్మా తగిలాయా, లేచి పసుపు పూస్తాడు. ముందే తీసేద్దామంటే పీపాలోనే గడ్డకడుతుంది. కాసే ముందు ద్రవాన్ని బట్టీ పట్టి వాణ్ణి బయటికి పంపి, క్షణం ఆలస్యం చేయకుండా కాయాలి. ఒకసారి ఆలస్యమైంది. కుండలో రాయి తయారైంది. కుండ దగ్గర పనిచేసే పైడయ్య దాన్ని సుత్తితో కొడుతూ, "అమ్మగోరూ, ప్యాడ్లు మానీసి రోడ్లెయ్యండి" అన్నాడు.

రెండోసారి కుదిరింది. పైన కాస్త ఉప్పు చల్లాను, తినే ఉప్పు కాదు, గాలి చేసే అల్లరిని తన మీద వేసుకునే ఉప్పు. ఆ పొడి దాపులో ఉంది. రోజూ తలుపు తీస్తున్నాను. ఆవిరి పక్కకి జరుగుతుంది, వెనక నుంచి తెలుపు కనపడుతుంది, తెల్లవారుతున్నట్టు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. మొదట నీకే.

వానలు ఇంకా ఉన్నాయి, తుపాను వానలు ఎలాగూ రావాలి. కొత్త పెట్టె పంపుతున్నాను. వాళ్లు మొహాన కొట్టినా నేను నిన్ను తప్పు పట్టను. ఒక్కసారి అడిగి చూడు. దసరా తర్వాత ఎల్లారావు గారు పేకెట్లు అడుగుతారు.

రజియా


అచ్యుతాపురం
అక్టోబరు 1986

రజియా,

నీ పెట్టె నా మంచం కింద వారం రోజులు ఉంది. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? చివరికి పెట్టె లేకుండా చేతులూపుకుంటూ వెళ్లాను. పాపాయమ్మ గుమ్మంలో కూర్చుని ఉప్పుచేపలు ఏరుతోంది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నన్ను చూసి ఎవరూ తల ఎత్తలేదు. నేనూ కూర్చుని చేపలు ఏరడం మొదలుపెట్టాను. చేతులకి పని గుర్తుంది. కాసేపయ్యాక, చేపలకేసి చూస్తూనే చెప్పాను.

"నాది సబ్‌సెంటర్లో ఉంటది. టీకాలు పెట్టే ఐసు డబ్బా కింద, తడి గోనె మడతలో. డాక్టరు గారు ఎప్పుడూ ఆ గోనె ఎత్తరు."

రజియా, ఆ క్షణాన సముద్రం మా అందరి వెనకా వచ్చి కూర్చున్నట్టు ఉంది. అప్పుడు ఒక కొత్త కోడలు, పెళ్లై ఏడాది కాలేదు, కిసుక్కుమంది.

"నాది మా మావ ఇనప్పెట్టెలో. ఆయన పెళ్లిపంచి కింద. ఆ పంచి ఇంక ఈ జన్మలో కట్టడు."

"నీ సిగ్గు సితకా!" అంది పాపాయమ్మ, నవ్వు ఆపుకుంటూ. "పాత వల మూటలో ఎట్టీవోలు నాకు తెలుసు. నాది సెప్పనా? పొయ్యి మీద అటకన, ఈ సేపల కుండెనకాల. పొగకి పురుగు పట్టదని."

"పొగకీ ఆవిరికీ పొడి పచ్చబడుతుంది పాపాయమ్మా. రజియాది కూడా పచ్చబడింది. బాయిలర్ వెనక గోడలో."

"ఆయమ్మ కూడా గోడలోనే ఎట్టిందా?" పాపాయమ్మ చెయ్యి ఆగిపోయింది. "సదువుకున్నాది కదే?"

"మీ అందరిలాగే. ఇప్పుడు పచ్చబడనిది చేసి కొత్త పెట్టె పంపింది."

ఆవిడ చేతిలో చేపని బుట్టలో పడేసింది. తర్వాత, "ఆయమ్మకీ పచ్చగయిందంటే మనకి వాడిసినవి ఇవ్వనేదు. ఆ పెట్టె తే. ఈసారి కూడా అటక మీదే ఎడతాను, సెప్పు మీ నేస్తానికి. అక్కడ బతికితే ఎక్కడైనా బతుకుతాది" అంది.

తెచ్చాను. ఒక పేకెట్టు అందరి ముందూ విప్పి చూపించాను. చీకటి గుడిసెలో దానికదే వెలుగులా ఉంది. మర్నాడు ఆ చంటిదాన్ని సూదికి తెచ్చారు. అది నా చెయ్యి కరిచింది. ఎంత బాగుందో.

నూకాలు


పాతపోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
నవంబరు 1986

నా తల్లీ, నా నూకాలమ్మా,

నీ ఉత్తరం అమ్మీకి చదివి వినిపించాను. పెళ్లిపంచె దగ్గర ఆవిడ నవ్వి నవ్వి పక్కింటికి పారిపోయింది.

గడువు వచ్చింది. తుపాను వెళ్లిపోయింది, కొండ కడిగినట్టు కనపడుతోంది. సోమవారం ఎల్లారావు గారు టేబులు ఖాళీ చేయించి తెల్లకాగితం పరుస్తారట. "పొడి పక్కన కాయితం పచ్చగా కనపడాల" అన్నారు. వచ్చే బస్సులో, అటక మీదవి, ఇనప్పెట్టెలోవి, వలమూటలోవి, ఎన్ని దొరికితే అన్ని పంపు. నాకు నిద్ర పట్టడం లేదు. కళ్లు మూస్తే తెలుపు, తెరిస్తే పసుపు.

రజియా


అచ్యుతాపురం
నవంబరు 1986

రజియా,

బస్సులో ఏమీ రావడం లేదు, ఎదురుచూడకు. పంపడానికి ఏమీ లేదు.

నేను గుమ్మం గుమ్మం తిరిగాను. ఒక్క పేకెట్టు కూడా మిగల్లేదు. తుపాను రోజుల్లో గుడ్డలు ఆరలేదు. విప్పి చూశారు, తెల్లగా ఉన్నాయి, వాడేశారు.

"ఉంచమన్నాను కదా పాపాయమ్మా! టౌనులో చూపించాలి!"

"పచ్చగుంటే ఉంచీవోళ్లం. తెల్లగున్నాదాన్ని ఉంచుకుని ఏటి సేత్తాం, పూజ సేత్తామా?"

పొయ్యి మీద అటక దాకా ఎక్కి నేనే వెతికాను. ఉప్పుచేపల కుండ, దాని వెనక ఖాళీ. ఆ ఖాళీలో మసి లేని చదరం ఒకటి ఉంది, పేకెట్టు అంత. దాన్ని ఎలా పంపను?

నా దగ్గర ఉన్నది కూడా నేను వాడేశాను. నన్ను తిట్టు.

నూకాలు


పాతపోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
డిసెంబరు 1986

నూకాలూ,

తిట్టడానికి తీరిక లేదు. బస్సు కదిలేలోగా ఈ ఉత్తరం కండక్టరుకి ఇవ్వాలి.

ఉత్తి చేతులతో వెళ్లాను. ఎల్లారావు గారు నిజంగానే తెల్లకాగితం పరిచారు. దాని మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు, మరకవుతుందని మళ్లీ తీసేశారు.

"ఏవమ్మా పేకెట్లు?"

"లేవండి."

"పసుపెక్కీసినాయా?"

"వాడేశారండి."

"ఉంచమన్నావు కదా?"

"ఉంచమన్నానండి. విప్పి చూసి వాడేశారు."

"అయితే తెల్లగున్నాయని నీకెలా తెలుసు? కళ్లతో సూసినావా?"

"లేదండి. జూలైలో పచ్చబడినవి ఒక్కటి కూడా వాడలేదు. అన్నీ తెచ్చి మెట్ల మీద పడేశారు. ఇవి ఒక్కటి కూడా తిరిగి రాలేదు."

గూడ్సుబండి వెళ్లింది. అంత పొడుగు బండి నా జీవితంలో చూడలేదు. ఒక్కో పెట్టె దాటుతుంటే నా గది ఒక్కో గోడ చొప్పున ఊడిపోయి గాల్లో తేలుతున్నట్టు అనిపించింది. బల్లలు, గాజు బీరువా, కిటికీ, కిటికీలోంచి కొండ కూడా. చివరి పెట్టె దాటింది. ఎల్లారావు గారు ఎదురుగా ఖాళీగా ఉన్న తెల్లకాగితాన్ని ఇంకా చూస్తూనే ఉన్నారు. ఉన్నట్టుండి దాన్ని తన వైపు తిప్పుకుని, జేబులోంచి కలం తీశారు.

"ఎన్ని కావాలంటమ్మా ఆళ్లకి?"

"రాయలేదండి."

"రాయమను. బేగి రాయమను."

అందుకని బేగి రాయి. పాపాయమ్మని అడుగు, కొత్త కోడల్ని అడుగు, ఆ చంటిదాని తల్లిని అడుగు. నా అక్షరాలు వంకర పోతున్నాయని నవ్వకు. చలికి వణుకుతున్నానని ఎల్లారావు గారితో చెప్పాను. విశాఖపట్నంలో చలేమిటని ఆయన అడగలేదు.

నీ
రజియా